రెండు కిలోల లుంగీలు, నాలుగు కిలోల పెట్టె

నెలాఖరులోగా కొరియర్ ఖర్చు తగ్గకపోతే ఆన్‌లైన్ అమ్మకం ఆపేసి నన్ను అంగట్లో కూర్చోబెడతానని నాయన తేల్చి చెప్పాడు. వేలూరు దగ్గరి తమిళ ఊరు గుడియాత్తంలో మాది లుంగీల అంగడి. వెనక గదిలో ఫోన్లో ఆర్డర్లు చూసుకుని, పెట్టెలు కట్టడం నా పని. అక్కడ ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు. కొత్తవాళ్ళు ఎదురుగా నిలబడితే నాకు గొంతు పెగలదు. ఆ గది పోతుందన్న భయంతో రెండు రోజులు అన్నం సయించలేదు.

తప్పంతా బరువుదే అనుకున్నాడు నాయన. తాత కాలంలో మాది పప్పుల అంగడి. తక్కెడ మీద నమ్మకం మాత్రం ఇంకా ఇంట్లోంచి పోలేదు. లుంగీల మధ్య పెట్టే అట్టలు తీయించాడు. టేపు తక్కువ చుట్టమన్నాడు. ఇంట్లోనే తూచి, పెట్టె మీద బరువు పెద్ద అంకెలతో రాసి పంపాడు. అయినా రెండు కిలోల పెట్టెకి నాలుగు కిలోల ఛార్జీ పడింది.

"వాళ్ళ తక్కెడలోనే ఏదో దొంగతనం ఉండాది," అన్నాడు.

మా ఇంట్లో రసీదు వెనకవైపు చదివేది నేనొక్కదాన్నే. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవందే పారేయను. కొరియర్ రసీదు వెనక చీమంత అక్షరాల్లో ఉంది: పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదువేలతో భాగించాలి. ఆ వచ్చిన అంకె, అసలు బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. మా పెట్టె నలభై, ముప్పై, పదిహేను. లెక్క వేస్తే మూడున్నర దాటింది. వాళ్ళు దాన్ని నాలుగు చేశారు. లుంగీల పక్కన మిగిలిన ఖాళీకి కూడా మేమే టికెట్ కొంటున్నాం.

నాయనకు చెబితే నవ్వాడు. "ఖాళీకి ఎవడైనా దుడ్డు తీసుకుంటాడా అమ్మా?"

అంత పెద్ద పెట్టె ఎందుకంటే, మా మడత అలాంటిది. లేబుల్ నిండుగా కనిపించేలా వెడల్పుగా, పలచగా మడుస్తారు. మా అంగట్లో మడతలు వేసే ముసలాయన్ని ఇంకో సగానికి మడవమని అడిగాను.

"ముప్పై ఏండ్లుగా ఈ చేతులకు ఒకటే మడత తెలుసు పాపా. లేబుల్ కనపడాల. లేదంటే పాత గుడ్డ అనుకుంటారు."

"ఫోన్లో కొనేవాళ్ళు ఫోటో చూసి కొంటారు తాతా. మడత చూసి కాదు."

ఆయన ఒక లుంగీ తీసుకుని, మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. నాలుగోసారికి అది నోటుపుస్తకమంత అయింది, పైగా లేబుల్ కూడా పైనే ఉంది. "నీ కోసం కాదులే, నా పంతం కోసం," అన్నాడు. అట్టపెట్టెలు కోసే ఆయన దగ్గర ముప్పై, ఇరవై, పదిహేను కొలతతో ఒక పెట్టె చేయించాను. పాత పెట్టెలో పెట్టే ఆరు లుంగీలూ అందులో పట్టాయి.

మర్నాడు తక్కెడ సంగతి తేల్చుకుంటానని నాయన వేలూరు కొరియర్ ఆఫీసుకి బయల్దేరితే నేనూ వెంటబడ్డాను. బస్సులో పాత పెట్టె ఆయన చేతిలో, కొత్తది నా ఒళ్ళో. రెంటిలోనూ ఒకే రకం లుంగీలు, ఆరు చొప్పున.

కౌంటర్ దగ్గర నాయన పెట్టెను దబ్బున పెట్టాడు. "రెండు కిలోలప్పా ఇది! నాలుగంటావేంది?"

"వెయిట్ ఇల్లే సార్, సైజు," అన్నాడు కౌంటర్లోని అతను, తలెత్తకుండా.

"సైజుకీ బరువుకీ ఏం సంబంధం?"

వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. కానీ ఇప్పుడు నోరు తెరవకపోతే వెనక గది ఉండదు. కొత్త పెట్టెను కౌంటర్ మీద పెట్టి, "దీన్ని కూడా కొలవండి," అని తమిళంలో అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతను టేపు పట్టాడు, తూచాడు, మీటలు నొక్కాడు. "రెండు కిలోలకే ఛార్జీ. ఎవరమ్మా ఈ పెట్టె చేసింది?"

"నేనే."

నాయన రెండు పెట్టెలూ చెరో చేత్తో ఎత్తి చూశాడు. ఇంకోసారి ఎత్తాడు.

వరుసలోంచి ఒడుగత్తూరు ఆసామి ఒకాయన అప్పడాల పెట్టె ముందుకు తోశాడు. "పాపా, నాదీ కాస్త చూడమ్మా. పోయిన నెల నుంచీ వీళ్ళతో ఇదే గొడవ." లోపల పావు భాగం చిత్తు కాగితాలే. వాటిని తీయించి, పెట్టె పైభాగం ఎక్కడ కోయాలో పెన్నుతో గీసి చూపించాను. ఆయన తర్వాత ఇంకొకాయన. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. మా బస్సు టైము దాటిపోయిందని గుర్తొచ్చి కంగారుగా వెనక్కి తిరిగాను.

నాయన బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "పోతే పోనీ, ఇంకో బస్సు ఉండాది," అని, పక్కనున్న మనిషితో, "మా పాపే," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ తాతను రేపట్నుంచి అదే మడత వెయ్యమను. ఎన్ని ఆర్డర్లు ఉండాయి?"

"పద్నాలుగు," అన్నాను, ఆఫీసంతా వినేలా.