కింద బంగారం ధర, పైన మా కథ

ఇందాక గోడ అవతలి వాటాలో టీవీ పెట్టారు. నగల కొట్టు ప్రకటన సంగీతం చెవిన పడగానే, బాబుకి చెబుతున్న నక్కా ఏనుగూ కథ మధ్యలో ఆపేశాను. వాడికి మూడేళ్లు నిండవస్తున్నాయి. ఇంకా ‘అమ్మా’ అనలేదు. చెవులు బాగానే ఉన్నాయి, కబుర్లు చెబుతూ ఉండమన్నారు డాక్టరు గారు. రోజూ చెబుతాను. వాడు నా మొహం చూడడు, దుప్పటి అంచు నలుపుతూ ఉంటాడు. ఇలాగే ఉండిపోతాడేమోనని నా భయం. కానీ వింటున్నారో లేదో తెలియనివాళ్లకి కథ చెప్పడం నాకు కొత్త కాదు. పెళ్లికి ముందు రాజమండ్రిలో, రాజ్యలక్ష్మి గారి దగ్గర నేను చేసిన ఉద్యోగం అదే.

డిగ్రీ అయిన ఏడాది ఊళ్లోని కేబుల్ చానల్లో సీరియల్‌కి మాటలు రాయడానికి చేరాను. ఆ సీరియల్ తీసేది రాజ్యలక్ష్మి గారు. తుని నుంచి పాలకొల్లు దాకా పరిషత్తు నాటకాలు ఆడి ఆడి, మోకాళ్లు మొరాయించాక కెమెరా వెనక కూర్చున్న మనిషి. వారానికో అరగంట వచ్చేది మా కథ. మొదట్లో, అత్తగారి వేషం వేసే ఆవిడ కూరల బజారుకి వెళితే, కోడల్ని ఏడిపిస్తున్నందుకు కూరలమ్మేవాళ్లు నాలుగు చీవాట్లు పెట్టి మరీ వంకాయలు తూచేవారట. తరవాత పెద్ద చానళ్ల సీరియళ్లు వచ్చాయి. మా హీరో హైదరాబాదు వెళ్లిపోతే కథలో అతన్ని దుబాయి పంపాం. కోడలికి నిజంగానే పెళ్లి కుదిరి మానేస్తే పుట్టింటికి పంపాం. చివరికి అత్తగారొక్కరే మిగిలి, గోడ మీది కొడుకు ఫోటోతో మాట్లాడుకునేది.

అయినా ప్రకటనలు తగ్గలేదు. ఎంచేతంటే, సీరియల్ వస్తున్న అరగంటా తెర అడుగున ఆనాటి బంగారం ధర, మర్నాడు కరెంటు తీసే వేళలు, వానాకాలమైతే గోదావరి నీటిమట్టం వరసగా కదిలేవి. ఊరు ఊరంతా వాటికోసమే మా చానల్ పెట్టేది. అందుకని నగల కొట్లూ చీరల కొట్లూ ఆ అరగంటే కావాలని పట్టుబట్టేవి.

“ఆపేద్దామంటే యాడ్‌లవాళ్లు ఊరుకోరండీ,” అనేవారు చానల్ యజమాని సూరిబాబు గారు. “జనం కింద చూస్తున్నారు, మీరేమో పైన తీస్తున్నారు.”

ఒక వారం క్యాసెట్లు తారుమారై, కిందటి వారం భాగమే మళ్లీ వేసేశాం. తెలుసుకునేసరికి సగం అయిపోయింది. ఎవరేం తిడతారోనని ఫోన్ పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. మోగింది.

“ఏమండీ, రేపు మా వీధిలో కరెంటు పొద్దున్న తీస్తారా, మధ్యాహ్నమా? సరిగ్గా కనబడలేదండీ.”

అంతే. కథ గురించి ఒక్కరూ అడగలేదు. సూరిబాబు గారు పడీపడీ నవ్వారు. “చూశారా! ఇంక కొత్తవి తియ్యడం దేనికండీ? పాతవే తిప్పి తిప్పి వేద్దాం. యాడ్‌లు ఎలాగూ వస్తాయి.”

నాకు ఏడుపొచ్చింది. రాజ్యలక్ష్మి గారు మాత్రం తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు. “ఆ చీరల కొట్టాయన మనకి అరగంట కొనిచ్చాడండీ. అందులో ఏం పెడతామన్నది మన మర్యాద.”

“చూసేదెవరండీ?” అన్నారు సూరిబాబు గారు.

“కరెంటు వేళలు చదివాక ఎవరో ఒకరు తల ఎత్తుతారు. ఎత్తినప్పుడు అక్కడ పాత క్యాసెట్ కనబడితే, ఇంకెప్పుడూ ఎత్తరు.”

ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. రిక్షాలో ఇంటికి వస్తుంటే ఆవిడ నాతో, “అమ్మాయ్, ఆ ఫోటో సీను మళ్లీ రాయి. ఏడుపు ఎక్కువైంది. ఆవిడ కొడుకుని తిట్టాలి, అక్కడ ఏం తింటున్నావో ఒక్క ముక్క రాయవేంట్రా అని,” అన్నారు.

“ఎవరికోసమండీ?” అన్నాను ఉక్రోషంగా.

“ఓసారి పాలకొల్లులో నాటకం మధ్యలో వాన పట్టుకుంది. జనమంతా కొట్ల చూరుల కిందికి పరిగెత్తారు. చివరిదాకా ఆడాను.”

“ఎవరైనా చూశారా?”

“ఏమో! ఆ వానలో నాకు కనబడితేగా,” అని నవ్వేశారు.

ఆ తరవాత బంగారం ధరల్నీ కరెంటు వేళల్నీ అన్నిటినీ వార్తల్లోకి మార్చారు. ప్రకటనలు వాటి వెనకే వెళ్లిపోయాయి, సీరియల్ ఆగిపోయింది. చివరి భాగం వచ్చిన రోజు తెర అడుగున ఒక్క అక్షరం లేదు. తెరంతా మాదే. అత్తగారు దుబాయిలో ఉన్న కొడుకుని కడుపారా తిట్టి, ఫోటో తుడిచి, దీపం ఆర్పింది. ఫోన్ మోగలేదు. రాజ్యలక్ష్మి గారు నా భుజం తట్టి, “బాగా రాశావు,” అన్నారు.

ఒంట్లో ఓపిక లేని రోజుల్లో, వీడికేం తెలుస్తుందిలే, ఏదో ఒకటి గొణిగి పడుకుందామని నాకూ అనిపిస్తుంది. అప్పుడు ఆ పాత క్యాసెట్ గుర్తొస్తుంది. లేచి కూర్చుని సరిగ్గా చెబుతాను. ఇందాక ఆ సంగీతానికి నేను ఆగిపోయినప్పుడు, దుప్పటి అంచు మీద వేళ్లు కూడా ఆగాయి. బాబు తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. మాటేం లేదు. ఆపేశావేం అన్నట్టు, అలా చూస్తూనే ఉన్నాడు. నక్కకి నక్క గొంతూ ఏనుగుకి ఏనుగు గొంతూ పెట్టి, మిగతా కథంతా చెప్పాను.