పురిటి గదికి రేకులు

ఎల్లారెడ్డి పక్కన మా పల్లెలో నాట్లకు పోయే ఆడవాళ్ళం పదకొండు మందిమి కలిసి ఒక పురిటి గది మొదలుపెట్టాం. మట్టి మేమే తొక్కాం, గోడలు మేమే లేపాం. పైకప్పు దగ్గర ఆగిపోయాం. గడ్డి కప్పితే ఏమవుతుందో పోయిన వానాకాలమే చూశాం. మా ఆడబిడ్డ కురిసే గడ్డి కింద కన్నది. పసిగుడ్డు తడిసి ముద్దయింది, దక్కలేదు. ఈసారి ఆమెకు మళ్ళీ ఏడో నెల. వానలకు ముందే పైన రేకులు పడాలి. నాకు వేరే ధ్యాస లేదు.

కామారెడ్డిలో బియ్యం మిల్లుల సేట్లు కలిసి ధర్మాదాయ సంఘం పెట్టారనీ, ఊరి పనికి దరఖాస్తు చేసుకుంటే సాయం చేస్తారనీ విన్నాం. బడి పంతులు రాసిపెట్టాడు. అందరం వేలిముద్రలు వేశాం. మాలో పెద్దది మంత్రసాని. మడిచిన కాగితం చేతిలోకి తీసుకుని నాలుగు మూలలకూ పసుపు రాసింది.

"శుభమని పంపే కాయితం, ఉత్తగ పంపుతమా?" అన్నది. నాకూ సబబే అనిపించింది. సంతకు పోయే బండిలో పంపించాం.

నెల గడిచింది. జవాబు లేదు. చివరికి నేనే బయలుదేరాను. మొగుడు లేనిది మంచి పనికి ముందు నడవడమేమిటని ఒకామె వాకిట్లోనే అడ్డం పడింది. మంత్రసాని ఊరుకుంటుందా?

"రేకులకు ముత్తైదువెందుకే? నోరున్నది గావాలె. నువ్వు నడువు బిడ్డా!"

సంఘం కొట్టులో గుమస్తా దరఖాస్తుల కట్టంతా తిరగేశాడు. "మీ ఊరి దరఖాస్తే రాలేదమ్మా."

"ఎందుకు రాదయ్యా? నాలుగు మూలల పసుపు గూడ పెట్టి పంపినం."

పసుపు అనగానే అతని ముఖం మారింది. గోడకున్న పెండ్లి పత్రికల కట్ట దించాడు. మా కాగితం వాటి నడుమ ఉంది. మడత కూడా విప్పలేదు.

"పసుపు జూసి ఎవలదో పెండ్లనుకున్న," అన్నాడు.

"పెండ్లయితే మాత్రం విప్పి చూడవా? బువ్వ ఏ పూటనో తెలువొద్దా?"

లోపల కూర్చున్న పెద్ద సేటు పకపకా నవ్వి నన్ను రమ్మన్నాడు. గుమస్తా మాత్రం నవ్వలేదు. "గడువు దాటింది సేటూ. ఈ యేటి సాయం పంచుడు అయిపోయింది," అన్నాడు.

సేటు కాగితం చదివించుకున్నాడు. "ఒక్క మొగోని దస్కతు లేదేందమ్మా? రేకులిస్తే జవాబుదారు ఎవరు?"

"నేనే. గోడలు పెట్టింది మేము, కనేది మేము. మొగోళ్ళతోని ఏం పని సేటూ? ఒక్క రేకు మాయమైనా నన్ను పిలిచి అడుగు." అంతవరకు గట్టిగానే అన్నాను. ఆ తర్వాతి మాట నెమ్మదిగా అన్నాను. "పోయిన వానకు ఒక పసిగుడ్డును మట్టిల పెట్టినం. గడువు దాటిందంటే మా ఆడబిడ్డ కాన్పు ఆగుతదా?"

సేటు లేచి, తన మిల్లు కొత్త షెడ్డుకని తెప్పించి ముంగిట్లో దింపిన రేకులు గుమస్తాకు చూపించాడు.

"నా షెడ్డు వచ్చే నెలదాక ఆగుతది. ఇవి బండికెక్కిచ్చి ఈమెతోని పంపు. సంఘమోళ్ళకు నేను చెప్పుకుంట."

రేకుల బండి ఊళ్ళోకి వస్తుంటే పొలాల్లోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాకిట్లో అడ్డం పడిన ఆమే అందరికంటే ముందు రేకు పట్టి దించింది. నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది.

మొదటి పెద్ద వాన రోజునే ఆడబిడ్డకు నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లి కళ్ళు తెరిచి మొదట పిల్ల ముఖం కూడా చూడలేదు.

"వదినా, తడుస్తున్నదా? చెయ్యి పెట్టి చూడు."

పిల్ల కింద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా, వెచ్చగా ఉంది.

"పొడిగనే ఉన్నది పొల్లా, పండుకో!" అని అరిచాను. అరవకపోతే వినబడేట్టు లేదు, రేకుల మీద వాన అట్లా దంచుతోంది.