గంభీరన్న మౌనం

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, మెట్రో అప్పటికే తిరుగుతోంది) హైటెక్ సిటీలో ఒక మహాయుద్ధం జరిగింది. ఇద్దరు ఉద్దండులు గాజుగోడల మధ్య ఎదురెదురుగా కూర్చుని, ఆయుధం పట్టకుండా, నోరు విప్పకుండా తలపడ్డారు. ఆ వీరగాథే ఇప్పుడు చెప్పబోతున్నాను. నిజానికి అది యుద్ధం కాదు, నా ప్రొబేషన్ ఇంటర్వ్యూ. ఉద్దండుల్లో ఒకణ్ణి నేనే కాబట్టి ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

అప్పుడు నేను హఫీజ్‌పేట్‌లో కిరాయి గదిలో ఉండేవాణ్ణి. ప్రొబేషన్ చివరికొచ్చింది. ఉద్యోగం పర్మనెంటు కాకపోతే నా గతేమిటో మా చిన్నాయన రోజూ ఫోన్ చేసి గుర్తుచేసేవాడు. "ఏందిరా, పక్కా చేసిన్రా లేదా? చెయ్యకుంటే ఫికర్ వడకు. జీడిమెట్లల మా కంపెనీల డ్రమ్ముల కాడ మనిషి గావాలె. నీకు కుర్చీ గూడ తుడిచి పెట్టిన." కెమికల్ డ్రమ్ముల మధ్య ఆ తుడిచిన కుర్చీ నాకు కలలోకి వచ్చేది.

అందుకని, ఎదిగినవాళ్లను చూసి ఎదగాలని తీర్మానించుకున్నాను. ఆఫీసులో మా వరుసలో ఎదిగినవాడు ఒక్కడే, మా సీనియర్. అందరం గంభీరన్న అనేవాళ్లం. కాల్‌లో విదేశీ క్లయింటు ఏం అడిగినా ఆయన వెంటనే జవాబిచ్చేవాడు కాదు. తల దించి, దవడ బిగించి, కుడిచెయ్యి టేబుల్ కిందికి పోనిచ్చి, కాసేపు అలాగే ఉండిపోయేవాడు. ఆ నిశ్శబ్దానికి అవతలివాళ్లు కంగారుపడి, అడిగిన పనిలో సగం వాళ్లే తగ్గించేసుకునేవారు. అప్పుడాయన తల ఎత్తి, నెమ్మదిగా "యెస్" అనేవాడు. (అది విని నాకు ఒళ్లు జలదరించేది. ఇప్పుడు తలుచుకున్నా జలదరిస్తుంది, కారణం మాత్రం వేరు.)

సాధన మొదలుపెట్టాను. టిఫిన్ బండి దగ్గర "ప్లెయినా, మసాలానా?" అని అడిగితే తల దించి దవడ బిగించాను. "జల్ది చెప్పన్నా, పెనం కాలుతుంది" అంటూ అతను నా దోసె పక్కవాడికి వేసేశాడు. చిన్నాయన ఫోన్‌లోనూ మౌనం వహించాను. "హలో... హలో... వీనికి సిగ్నల్ లేదు, జీతం లేదు" అని పెట్టేశాడు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. మా మేనేజర్ మేడమ్ నవ్వుతూ అడిగారు, "చెప్పండి, ఇన్నాళ్లలో మా దగ్గర ఏం నేర్చుకున్నారండీ?"

నేర్చుకున్నదే చూపించాను. తల దించాను. దవడ బిగించాను. టేబుల్ కింద కుడిచేతి పిడికిలి బిగించాను. ఎంతకీ ఆవిడ కంగారుపడిన చప్పుడు రాకపోయేసరికి కళ్లెత్తి చూశాను. ఆవిడా తల దించి, దవడ బిగించి ఉన్నారు. ఆవిడ కుడిచెయ్యీ టేబుల్ కిందే ఉంది. (ఆవిడ కూడా గంభీరన్న కాల్స్‌లో కూర్చునేవారన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.) ఇక ఎవరు ముందు మాట్లాడితే వాళ్లు ఓడినట్టే. అలాగే ఉండిపోయాం. చివరికి బయటినుంచి ఎవరో గాజుగోడ మీద టక టక కొట్టారు. "ఏమండీ, ఈ టైముకు రూమ్ మేం బుక్ చేసుకున్నామండీ."

నా ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగించారు. జీడిమెట్లలో మా చిన్నాయన కుర్చీ మళ్లీ తుడిచి ఉంటాడు.

దిగులుగా వెళ్లి గంభీరన్నకు అంతా చెప్పి, లోపమెక్కడుందో అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "పాగల్ అయినవా తమ్మీ? నా హెడ్‌సెట్ తీగకు మ్యూట్ బటన్ ఉంటది. అది ఇరుక్కుంటది. గట్టిగ ఒత్తి ఒత్తి పట్టుకుంటెనే నా మాట అవతలికి పోతది. రోజూ బొటనవేలు గుంజుతది."

మూడు నెలల తర్వాత మేడమ్ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేశాను. ఉద్యోగం పక్కా అయింది. ఇప్పుడు నా హెడ్‌సెట్‌కు తీగే లేదు. అయినా కాల్‌లో ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే నా కుడిచెయ్యి దానంతటదే టేబుల్ కిందికి వెళ్లి, అక్కడేమీ లేక తిరిగొస్తుంది. పిడికిలి బిగించి కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను.

అన్నట్టు, కొత్త హెడ్‌సెట్లు మూడో అంతస్తు స్టోర్‌లో ఉంటాయి. అడిగితే ఇస్తారు. లంచ్ టైములో మాత్రం ఇవ్వరు.