దొరగారి కాలిలో ముల్లు

మీసం లేని నా ముఖాన్ని మా ఇంట్లో మొదట చూసింది మా గేదె. అది నన్ను పోల్చుకోలేక ఆ పూట పాలివ్వలేదు. అంతటి ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, వినండి. ఇందులో తప్పంతా నాదే. కుక్కది ఆవగింజంత కూడా లేదు. ఈ మాట ముందే ఎందుకంటున్నానంటే, మధ్యలో మీరు కుక్కను అనుమానించవచ్చు. నేను అనుమానించాను మరి.

మాది పలాస దాటాక ఉద్దానంలో ఒక పల్లె. కొబ్బరి, జీడి తోటలు తప్ప మాకు వేరే లోకం లేదు. విశాఖలో ఉండే నా స్నేహితుడొకడు బదిలీ మీద దూరం పోతూ తన కుక్కను నాకిచ్చాడు. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు మచ్చలు, తమలపాకుల్లా వేలాడే చెవులు.

"పాయింటర్ జాతి. పొదలో పిట్ట ఉంటే చూపిస్తుంది" అన్నాడు.

ఎలా చూపిస్తుందని నేను అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది కదా! నా బతుకులో సగం నష్టాలు ఇలా అడగకపోవడం వల్లే వచ్చాయి.

దానికి దొర అని పేరు పెట్టాను. వాట్సాప్ డీపీ‌లో నా ముఖం తీసేసి దొర ముఖం పెట్టాను. "వేటకుక్క! పిట్టను నోట కరిచి, ఈక నలగకుండా తెచ్చి చేతిలో పెడుతుంది" అని ఊరంతా చాటాను. అడవి పిట్టల్ని పట్టడానికి చట్టం ఒప్పదు కాబట్టి, నా మాట నిజమో కాదో తేల్చే దారి ఎవరికీ లేదు. ఆ ధైర్యంతో మరి నాలుగు మాటలు కలిపాను.

ఆ దారి మా ఆవిడ సరోజ పెంచే గిన్నికోళ్ల రూపంలో తెరుచుకుంది. బూడిదరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, పెద్ద ఒంటికి పొరపాటున అతికించినట్టు చిన్న తల, వాటి అందం అదీ. పాము కనబడితే ఊరు లేచేలా అరుస్తాయని, నాటుకోడి కింద గుడ్లు పొదిగించి మరీ పెంచింది. వాటిని కూరకు అడిగిన చుట్టాలకు మా ఇంట మజ్జిగ కూడా పుట్టదు.

ఒకరోజు పొద్దున్నే దొరకు పిట్ట వాసన నేర్పుదామన్న గొప్ప ఆలోచనతో కోళ్ల గూటిలోకి తీసుకెళ్లాను. తలుపు వేయడం మరిచిపోయాను. కోళ్లన్నీ నా నెత్తి మీదుగా లేచి, కంచె దాటి, జీడితోటలో మాయమయ్యాయి.

సరోజ గుమ్మంలో నిలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"సీకటి పడితే నక్కలొత్తాయి. ఒక్కటి మిగల్దు" అంది.

సరిగ్గా అప్పుడే రావివలస నుంచి మా అక్క మొగుడు బండి దిగాడు. మా బావ కొంచెం రాజకీయం, బోలెడు మీసం. టెక్కలి రోడ్డు మీద ఏ ఫ్లెక్సీ చూసినా మూలన ఆ మీసం కనబడుతుంది, దాని వెనకాల బావ ఉంటాడు.

"ఏటి బామ్మర్దీ, ఇంట్లో ఎవులైనా పోనారేటి, అలగున్నారు?"

"గిన్నికోళ్లు పోయాయి బావా. ఏం పర్వాలేదు, దొర ఉన్నాడు."

"ఈడా? అన్నం పెడితే కంచం ఎక్కడుందో ఎతుక్కునే మొకం, ఈడు కోళ్లని ఎతుకుతాడా?"

"పొద్దు గూకేలోగా దొర కోళ్లను పట్టిస్తాడు. లేకపోతే నా మీసం తీయించేస్తాను!"

అన్నాక గాని ఏమన్నానో నాకు వినబడలేదు. బావ తన మీసం దువ్వుకున్నాడు.

"అయితే ఇనుకో. నీ కుక్క కోళ్లని సూపిత్తే నా మీసం తీయించేత్తాను. అమ్మా సరోజా, నువ్వే సాచ్చికం."

బుట్ట పట్టుకుని నేను, గొలుసు వదిలించుకుని దొర, వేడుక చూడటానికి బావ, తోటలో దిగాం. జీడిగింజలు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద నున్నగా ఊడ్చి పెట్టుకునే రోజులవి. నేల మీద ఈగ వాలినా కనబడుతుంది. కోడి మాత్రం కనబడలేదు. దొర ముక్కు నేలకు రాస్తూ అటూ ఇటూ ఉరికి, తోట గట్టున ఉన్న మొగలిపొద ముందు ఠక్కున ఆగిపోయాడు. ముందరి కుడికాలు పైకి మడిచాడు. తోక కర్రలా నిలబెట్టాడు. రెప్ప కూడా వేయలేదు.

మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు.

"అయ్యో, ముల్లు!" అని పరిగెత్తి దొర కాలు పట్టుకున్నాను. మొగలాకు నిండా ముళ్లే కదా! అరికాలు తిప్పి చూశాను, వేళ్ల సందుల్లో ఊదాను. ముల్లు లేదు. బలవంతాన లాక్కెళ్లి తోట మధ్యలో వదిలాను. నాలుగు గెంతుల్లో మళ్లీ ఆ పొద దగ్గరే ఉన్నాడు. మళ్లీ కాలు మడిచాడు.

"ఏటి సేత్తన్నావు బామ్మర్దీ?"

"ముల్లు బావా. లోపలికి దిగిపోయినట్టుంది."

"గెంతినప్పుడు నేని ముల్లు, ఆగినప్పుడే వత్తాదేటి?"

చూడండి, వెక్కిరించడానికి వచ్చిన మనిషికి కూడా సందేహం కలిగింది. నాకు కలగలేదు. పైగా నాదైన తర్కం ఒకటి తీశాను. కాలు పట్టేసేది ఈ పొద దగ్గరే కాబట్టి ముళ్లన్నీ ఇక్కడే ఉన్నాయి. కాబట్టి దొరను ఈ పొద ఛాయలకు రానివ్వకూడదు! తోటంతా వెతుకుదాం, ఈ ఒక్క చోటు తప్ప!

అలాగే వెతికించాను. మధ్యాహ్నం దాటేదాకా మళ్లీ గొలుసు వేసి ఈడ్చుకు తిరిగాను. దొర మొగలిపొద వైపు లాగుతాడు, నేను అవతలికి లాగుతాను. పొద్దు కొబ్బరి తలల మీదికి దిగింది. గొలుసు తెంచుకున్నంత పని చేసి దొర మళ్లీ పొద ముందు నిలబడ్డాడు. ఈసారి రాతిబొమ్మలా బిగుసుకుపోయాడు. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది.

"పక్షవాతం బావా!" అని నేను గోలెత్తి, దొరను పెళ్లికూతుర్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని పలాస డాక్టరు దగ్గరికని బయల్దేరాను. దొర మాత్రం నా భుజం మీదుగా మెడ చాచి పొదనే చూస్తున్నాడు. ఆ చూపులో జాలి ఉంది. తన మీద కాదు, నా మీద.

"ఎల్లు, ఎల్లు. మీసం ఎలగూ పోనాది, కుక్కనైనా దక్కించుకో" అని బావ నవ్వుతూ, మా అక్కకు మొగలిపువ్వంటే ఇష్టమని పువ్వు కోయడానికి ఆ పొదలోకి చేయి పెట్టాడు.

ఇహ చూడండి! టపటపమని పొద పేలింది. ఒకటి బావ నెత్తి మీద, ఒకటి భుజం మీద, మిగిలినవన్నీ ముఖం మీదుగా, పొద్దున్నుంచీ ఊపిరి బిగబట్టుకు కూర్చున్న గిన్నికోళ్లన్నీ ఒక్కసారి అరుపు లంకించుకున్నాయి.

"సచ్చిపోనాన్రా బాబూ! ఎలుగ్గొడ్డు!" అని బావ వెల్లకిలా పడ్డాడు. మా తోటల్లో ఎలుగుల భయం ఉంది గాని, చుక్కల ఎలుగును చూసినవాడు బావ ఒక్కడే.

సరోజ గుప్పెడు చోళ్ల గింజలు పట్టుకుని, గొంతు ఎత్తి పిలుస్తూ పరిగెత్తుకొచ్చింది. కోళ్లన్నీ ఆవిడ కాళ్ల చుట్టూ చేరాయి. ఒక్కటీ తగ్గలేదు. నేను దొరను మెల్లగా కిందికి దించాను. దించగానే దొరగారు కోళ్ల వైపు తిరిగి, కుడికాలు మడిచి, తోక నిలబెట్టారు.

అప్పుడు నాకు అర్థమైంది. పొద్దున్నుంచీ పాపం ఆ కుక్క అరవకుండా, కరవకుండా, కదలకుండా "ఇదుగో ఇక్కడ, ఇదుగో ఇక్కడ" అని చెబుతూనే ఉంది. నేను దాని అరికాలు ఊదుతున్నాను. సిగ్గుతో తల దించుకున్నాను. కానీ నిజం దాచడమెందుకు, ఆ సిగ్గు అడుగున గర్వం పొంగుకొచ్చింది. అంత లాగినా, ఈడ్చినా, ఎత్తుకుపోయినా తన మాట మీంచి కదలని జీవిని నేను అంతకుముందు చూడలేదు. నేనైతే ఎవరు గదిమినా మాట మార్చేసే రకాన్ని.

"పొద్దు గూకలేదు. దొర చూపించాడు. మీసం ఇలా ఇవ్వు బావా!" అన్నాను.

"కుక్క సూపింది గాని నువ్వు సూసేవేటి? పూల కోసం సెయ్యెట్టి నాను పట్టినాను!"

ఇద్దరం సరోజ వైపు తిరిగాం. ఆవిడ కోళ్లను నిమురుతూ తీర్పు చెప్పింది.

"దొర గెలిసేడు. కాబట్టి అన్నయ్యా, మీ మీసం తీయించాలి. దొర సూపించినా సూడనేక ఈయన ఓడిపోనారు. కాబట్టి ఈయన మీసమూ తీయించాలి."

మర్నాడు పలాస సెలూన్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఫ్లెక్సీ మీద ఇక తనను ఎవరు గుర్తుపడతారని బావ కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. పని ముగించుకుని బయటికి వస్తే, దొర రోడ్డు పక్కన కాలు మడిచి నిలబడి ఉన్నాడు.

"ముల్లు సూడు బామ్మర్దీ!" అన్నాడు బావ.

నేను కాలు చూడలేదు. దొర ముక్కు ఎటుందో అటు చూశాను. ఎదుట చికెన్ కొట్టు.

నున్నటి నా పైపెదవి మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. తెలియనిది అడక్కుండా ఉండను, నోట్లోంచి వచ్చే మాటకు మీసం తాకట్టు పెట్టను, ఇక మీదట దొరగారు కాలెత్తితే ఆ కాలు ముట్టను. ఆయన ఆగిన చోట నేనూ ఆగుతాను. చేతనైతే, ఒక కాలి మీద.