కోడె ఒంటి వేడి

సింగపూర్‌లో కుర్చీలోంచి లేవకుండా, ఆస్ట్రేలియాలోని నూట నలభై కోడెలకు ఒక్క పూటలో జ్వరం తెప్పించాను. ఏ సూక్ష్మజీవికీ చేతకాని ఈ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మిగతా అందరూ అప్పుడే నవ్వేశారు, మీరే మిగిలారు.

వైటూకే గండం గడిచి, సాఫ్ట్‌వేర్ అనే మాట పలకగలిగిన ప్రతివాడికీ విమానం టికెట్టు దొరుకుతున్న కాలమది. విజయవాడలో పెరిగిన నాకు పశువులతో ఉన్న పరిచయమల్లా అవి రోడ్డు మధ్య నా స్కూటరుకు అడ్డంగా పడుకోవడమే. అలాంటి నాకు సింగపూర్ టోవా పాయో పేటలోని మా చిన్న కంపెనీ ఒక పని అప్పగించింది. ఆస్ట్రేలియాలో మాంసం కోసం కోడెల్ని మేపే కేంద్రం ఒకటుంది. అక్కడి కోడెల్లో ఊపిరితిత్తుల జబ్బును పసిగట్టే ప్రోగ్రాం రాయాలి. ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు "మాంసం కోసం" అన్న ముక్క మింగేసి, "పశువైద్యంలో ఉన్నాను" అని రాశాను.

దూరాల నుంచి లారీల్లో వచ్చిన కోడెలు దుమ్ముకీ, అలసటకీ, కొత్త మందలో కలిసిన బెదురుకీ మొదటి వారాల్లోనే జబ్బు పడతాయట. అందుకని దిగగానే ఒక్కోదాని చెవి నంబరు, ఒంటి వేడి, దగ్గు, ముక్కు కారడం రాసుకుంటారు. వాటిలో జబ్బుపడ్డవేవో నా ప్రోగ్రాం జాబితా ఇవ్వాలి. వాటిని వేరే దొడ్డిలోకి తోలి ఇంజెక్షన్లు చేస్తారు.

నియమాలన్నీ అక్కడి పశువైద్యుడు కాలిన్ చేత్తో రాసి ఫ్యాక్స్ చేశాడు. "వేడి ఇంత దాటితే జాబితాలో చేర్చు" అన్నచోట, సరిగ్గా అంకె మీదే, ఫ్యాక్స్ మిషను నల్లటి చార గీసింది. ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అడిగితే వీడికేమీ తెలియదనుకోరూ? జ్వరమంటే వంద, దీనికి ఫోనెందుకు? వందను సెల్సియస్‌లోకి మార్చి ముప్ఫై ఏడు పాయింట్ ఎనిమిది అని కొట్టేశాను.

ఆ ఆదివారం బూన్ లేలో, తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో మల్లన్నతో భోంచేస్తూ ఈ గొప్ప చెప్పుకున్నాను. మల్లన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ షిప్‌యార్డులో వెల్డరు, అక్కడ పదేళ్లు పశువుల్ని సాకినవాడు.

"జరమని ఎంతకు పట్టుకుంటది తమ్మీ నీ కంప్యూటరు?"

"వందకి."

మల్లన్న చెంచా కింద పెట్టాడు. "పసులకు వందనా? మా దవాఖాన డాక్టరు నూటొకటిన్నర ఉంటె మంచిగున్నదనేటోడు."

"కంప్యూటర్‌లో లెక్క వేరే ఉంటుంది మల్లన్నా."

"పసులల్ల గూడ వేరే ఉంటదా?"

నేను జాలిగా నవ్వి ఇంకో టీ చెప్పాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

బుధవారం ప్రోగ్రాం మొదలైంది. గురువారం పొద్దున్నే మా బాస్ లిమ్ నా బల్ల దగ్గరికి పరుగున వచ్చాడు. "నూట నలభై కేసులు. ఇది ఎపిడెమిక్!" ఆయన కళ్లలో భయం ఎంతుందో, మా ప్రోగ్రామే దాన్ని కనిపెట్టిందన్న గర్వం కూడా అంతే ఉంది. ఇంతలో కాలిన్ ఫోన్ చేశాడు. లిమ్ స్పీకర్ నొక్కాడు.

"మీ జాబితాలో నూట నలభై కోడెలున్నాయి," అన్నాడు కాలిన్. "నిన్న లారీల్లోంచి దిగినవీ నూట నలభయ్యే."

"మొత్తం మందకే అంటుకుంది సార్," అన్నాను గంభీరంగా. "ఆలస్యం చేయకుండా అన్నిటికీ ఇంజెక్షన్ చేయించండి."

"ఒక్కటి కూడా దగ్గడం లేదు. దాదాపు అన్నీ మేత దగ్గరే ఉన్నాయి. బాబూ, ఆరోగ్యంగా ఉన్న కోడె ఒంటి వేడి ఎంతనుకుంటున్నావు?"

"తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు సార్."



"అది నీది," అన్నాడు కాలిన్.

లిమ్ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. చార కింద దాగిన అంకె నలభై సెల్సియస్. నా ఫారెన్‌హీట్ లెక్కలో చెప్పాలంటే నూట నాలుగు.

ఇక్కడిదాకా నవ్వులాటే. కానీ జాబితాను నమ్మిన అక్కడి పనివాళ్లు మొత్తం మందను ఒకే దొడ్డిలోకి తోలేశారు. నిజంగా జబ్బున్నవి మూడున్నాయి. అవి మంచివాటి మధ్య కలిసిపోయాయి. అంకె మార్చి కొత్త జాబితా పంపేటప్పటికి మధ్యాహ్నమైంది. మూడింటినీ వెతికి పట్టుకుని ఇంజెక్షన్లు చేశారు. రెండు తేరుకున్నాయి. నాలుగు వందల పదిహేడో నంబరుది మాత్రం తల వాల్చి, చెవులు వేలాడేసి, ఎగశ్వాసతో నిలబడిందట.

"ఒక్కరోజు ఆలస్యమైనా ఊపిరితిత్తులు పాడవుతాయి," అన్నాడు కాలిన్. "మనిషిని చూస్తే జబ్బును దాచుకుంటాయవి. అవి మనల్ని చూడకముందే మనం చూడాలి. దగ్గు తర్వాత సంగతి, ముందు మేతకి రావడం మానేస్తాయి."

ఆదివారం మల్లన్న దగ్గర తల దించుకుని అంతా చెప్పాను. అతను నవ్వలేదు. "మేతకొస్తున్నదా అది?" అని ఒక్కటే అడిగాడు. ఆస్ట్రేలియా డాక్టరుకీ జగిత్యాల మల్లన్నకీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదన్నమాట.

ఆ కోడెను ఎన్నడూ చూడలేదు, చూసే అవకాశమూ లేదు. అయినా దాని ధ్యాస వదల్లేదు. రోజూ ఫోన్ చేసి "నాలుగు వందల పదిహేడు తిన్నదా సార్?" అని అడిగేవాణ్ణి. ఆరో రోజు కాలిన్ చెప్పాడు. "పొద్దున తొట్టి దగ్గరికి వచ్చింది. పక్కదాన్ని నెట్టేసి మరీ తింటోంది." లిమ్ ఆఫీసంతటికీ కాఫీ తెప్పించాడు. ఆ తర్వాత దాని కథ ఏమైందో నేను అడగలేదు. అది నడిచే దారి ఎటో నాకు తెలుసు.

రెండు నెలలకు పనిమీద కాలిన్ సింగపూర్ వచ్చాడు. నా ఫోన్లలో విన్న మల్లన్నను చూడాలని తనే అడిగాడు. హాకర్ సెంటర్‌లో వాళ్లిద్దరూ దూడలు, దగ్గులు, గిట్టల గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. నేను మధ్యలో కూర్చుని అటుమాట ఇటూ, ఇటుమాట అటూ చేరవేశాను. నా చదువు ఉపయోగపడింది ఆ గంటన్నరే.

లేచేటప్పుడు కాలిన్ నవ్వుతూ నాతో అన్నాడు. "ఈయనతో చెప్పు. ఈయన్ను మీ ఆఫీసులో కూర్చోబెట్టి, నిన్ను షిప్‌యార్డుకు పంపితే బాగుంటుందని."

నా నోటితోనే దాన్ని తెలుగులో చెప్పాల్సి వచ్చింది. మల్లన్న నన్ను కిందినుంచి మీదికి చూశాడు.

"వద్దని చెప్పు తమ్మీ. ఓడ మునుగుతది."

అదీ నేనే ఇంగ్లీషులో చెప్పాను.

కనుక, పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కోడైనా, కోడెయినా, కొండచిలువైనా, దాన్ని సాకినవాణ్ణి అడగకుండా దాని జ్వరం ఇంతని ఇక జన్మలో రాయను.