దుర్భిణిలో కనబడని అక్క

నా చిన్నప్పుడు మా మామిడితోటకు అసలు యజమానులు కోతులే. మేం ఊరికే నీళ్లు పెట్టేవాళ్లం. చర్ల ఊరికి అవతల, అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ తోట. పిందె పడిందంటే చాలు, గుంపుగా దిగి ఒకటి కొరికి పది పారేసేవి. ఆ ఏడు కాపు కూడా పోతే నన్ను భద్రాచలం హాస్టల్లో చేర్పించే మాట మర్చిపొమ్మంది అమ్మ. దాంతో కోతుల మీద నాకు పీకల్దాకా పగ.

కోతిని కొట్టడం మా వైపు ఎవరూ ఒప్పుకోరు. అందుకని మిలిటరీలో చేసి వచ్చిన మా తాతయ్య ఒక ఉపాయం చేశాడు. తోట చివరి చెట్టుకు ఖాళీ నూనె డబ్బా వేలాడదీసి, మామయ్య హైదరాబాద్ నుంచి తెచ్చిన ఎయిర్ గన్నుతో దాన్ని కొట్టేవాడు. డబ్బా ఠంగుమంటే కోతులు అడవిలోకి పరుగు. అంత దూరాన గురి కుదరడానికి గన్ను మీద దుర్భిణి బిగించాడు. తుపాకీ మాట వింటేనే ఊరు ఉలిక్కిపడే రోజులు కదా, నక్సలైట్ల కోసం అక్కడ మకాం వేసిన క్యాంపు పోలీసులకు ముందే చెప్పి వచ్చాడు. అట్టముక్క మీద కాల్చి చూసుకుంటూ, దుర్భిణి మరలు అటూ ఇటూ తిప్పుతూ, అద్దంలో గీతలు కలిసే చోటే గుండు తగిలేదాకా రెండు రోజులు దాంతోనే కూర్చున్నాడు.

నేను ప్రాణం తీస్తే నాకూ నేర్పాడు. కన్ను పెట్టి చూస్తే డబ్బా చెయ్యి చాపితే అందేంత దగ్గర. కానీ ఒక్కచోట నిలవదే!

"డబ్బా ఊగుతలేదు బిడ్డా, నువ్వు ఊగుతున్నవ్. దూరాన్ని దగ్గర చేసేది నీ వణుకును గూడ పెద్దగ చూపిస్తది" అన్నాడు.

ఇసుక సంచి మీద గన్ను ఆనించి, ఊపిరి సగం విడిచి ఆపడం నేర్చుకున్నా. వారం తిరిగేసరికి గర్వం నెత్తికెక్కింది. మీట నొక్కే ముందు తల లేపి తోటంతా చూడమని తాతయ్య రోజూ చెప్పేవాడు. డబ్బా కనిపిస్తుంటే ఇంకేం చూడాలని నా ధీమా.

ఇప్పపూలు రాలే రోజులవి. తోట చివరి గట్టు మీద ఒక ఇప్పచెట్టు ఉండేది. నేల మాదే అయినా పూలు మాత్రం పక్క గూడెం కోయ అక్కవి. వాళ్ల నాయనమ్మ కాలం నుంచి వాళ్లే ఏరుకునేవారు.

ఒక పొద్దున తాతయ్య గుండు చేతిలోకి తీసుకుని, గొట్టం వంచి మూసి, గన్ను నా చేతికిచ్చాడు. నేను డబ్బాను గీతల మధ్య పట్టుకుని మీట నొక్కాను. గాలి చప్పుడు వచ్చింది గానీ డబ్బా మోగలేదు.

"తప్పింది" అన్నా చిరాగ్గా.

"తప్పితే ఏడికి పోయిందో తల లేపి చూడు."

చూశా. డబ్బాకు కాస్త పక్కగా, వెనక గట్టు మీద, వంగి పూలేరుకుంటున్న అక్క నడుం పట్టుకుని మెల్లగా లేచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దుర్భిణిలో ఆమె కొంగు కూడా కనబడలేదు! తాతయ్య వైపు తిరిగా. ఆయన అరచెయ్యి విప్పాడు. గుండు అందులోనే ఉంది. అక్క రావడం ఆయన ముందే చూశాడట.

"అద్దంల కనబడేది నిజమే బిడ్డా. కాని అది రూపాయి బిళ్లంత నిజం" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇదేమీ తెలియని అక్క బుట్టతో ఇటే వచ్చి, నా ఒళ్లో గుప్పెడు పూలు పోసింది. నేను భోరుమన్నా.

"ఏంది బుజ్జీ, ఎవలేమన్నరు?" అంటూ జిగట చేతులతోనే నా కళ్లు తుడిచింది.

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతాను. పిల్లల మీద ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా, నోరు విప్పే ముందు ఒకసారి తల లేపి చుట్టూ చూస్తా. ఆ అలవాటు తాతయ్య పెట్టిందే. ఊరికి వెళితే ఆ అక్క ఇప్పటికీ కొంగు విప్పి పూలు పెడుతుంది. ఆ పొద్దు నేను మీట నొక్కానని మాత్రం ఆమెకు ఇంతవరకు చెప్పలేకపోయాను.