పదకొండు సెప్పులు

నాటికలో పదకొండు చోట్ల వచ్చే ఒకే ఒక్క మాటను అనుమతులిచ్చే ఆఫీసరుగారు ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. మిగతా దేన్నీ ముట్టుకోలేదు. నోటుపుస్తకం నా ముందుకు జరిపి, "ఇది తీసేసి ఆడుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు.

ఆ మాట 'సెప్పు'.

అవి ఎమర్జెన్సీ రోజులు. నర్సీపట్నంలో సభ పెట్టాలన్నా, మైకు కట్టాలన్నా, నాటకం ఆడాలన్నా ముందు కాగితాలు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. విశాఖపట్నం నుంచి వచ్చే ఒక దినపత్రికకు నేను అప్పుడు కంట్రిబ్యూటర్ని. పొద్దున్నే తిరిగి, మధ్యాహ్నానికి వార్తలు రాసి, కవరులో పెట్టి, అనకాపల్లి మీదుగా వెళ్లే బస్సు డ్రైవరు చేతికిస్తే సాయంత్రానికి ఆఫీసు చేరేవి. ఆ ఏడాది ఆ కవరు బాగా పల్చబడింది. డెస్కులో నా వార్తలు చూసే పెద్దాయన ఒకరోజు ఫోనులో అసలు సంగతి చెప్పేశారు.

"వానలు రాయండి. చెరకు తెగుళ్లు రాయండి. పాము కరిస్తే రాయండి. మనిషి కరిస్తే మాత్రం వద్దు."

ఏడాది పాటు వానలు రాశాను. కోటవురట్లలో ఎంత కురిసిందో, రావికమతంలో ఎంత కురవలేదో నాకు తెలిసినంతగా తాలూకాలో ఇంకెవరికీ తెలియదు. అయితే వార్తలు రాసేవాడికి ఒక జబ్బుంటుంది. చూసిన దాన్ని రాయకపోతే అది పోదు, లోపలే ఉండి సతాయిస్తుంది. కవరులో పట్టకుండా అలా మిగిలిపోయిన వాటితోనే ఆ నాటిక రాశాను. అది నా మొదటి నాటిక.

కథ చిన్నదే. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, అంటే వాగు. వానాకాలం నీళ్లు పొంగితే దాటలేరు. దాని మీద వంతెన కడతామని ఒక నాయకుడు వచ్చి పునాదిరాయి వేస్తాడు. మళ్లీ ఎన్నికలకి మళ్లీ వచ్చి పక్కనే ఇంకో రాయి వేస్తాడు. ఊరి ముసలాయన ఒకడు ఆ రాయి మీదే కూర్చుని ప్రసంగం వింటూ, నాయకుడు ఆగిన ప్రతిచోటా "సెప్పు" అంటాడు. ఆయనకున్న డైలాగు అదొక్కటే. మొదట్లో ఆశగా అంటాడు, తర్వాత అలవాటుగా, ఆ తర్వాత వెటకారంగా. చివరికి నాయకుడి దగ్గర మాటలైపోతాయి. వాన పట్టుకుంటుంది. అవతల ఒడ్డున ఆగిన జీపు ఎక్కాలంటే ఆయన కూడా పంచె పైకి కట్టి గెడ్డలో దిగాల్సిందే. పదకొండో 'సెప్పు' అక్కడ.

ముసలాయన వేషం మిషన్ స్కూల్లో తెలుగు చెప్పే మాస్టారిది. తాతల నాటి నుంచీ చర్చికి వెళ్లే కుటుంబం వాళ్లది. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. మైకు లేకుండా చివరి బెంచీదాకా వెళ్లే ఆ గొంతు కోసమే ఆయన్ని బతిమాలుకున్నాను. ఒప్పుకుంటూ ఒకటే అడిగారు: "నా ఉజ్జోగానికి మచ్చ రాకండా సూడండి బాబూ. మిగతాది నాను సూసుకుంతాను." క్లాసులో పుస్తకం భాష మాట్లాడే మనిషి, గేటు దాటితే మా అందరిలాగే మాట్లాడేవారు.

ఆ రోజు ఆఫీసులో ఆయన నా పక్కనే కూర్చున్నారు. ఆఫీసరుగారు దక్షిణపు జిల్లాల మనిషి, బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలు. పుస్తకమంతా శ్రద్ధగా చదివారని పేజీల మూలలు చూస్తేనే తెలుస్తోంది.

"జనం ఎన్నుకున్న నాయకుడు మాట్లాడతా ఉంటే, ముసలాయన పదకొండుసార్లు చెప్పంటాడేందండీ?" అన్నారు.

"అది చెప్పు కాదండీ," అన్నాను. "చెప్పు."

"నేనూ అదే అంటున్నా."

"కాలి చెప్పు కాదండీ, చెప్పమనడం. మా వైపు 'చె'ని 'సె' అంటారు."

"మరి కాలికేసుకునే దాన్ని మీ వైపు ఏమంటారు?"

నేను మాస్టారి వైపు చూశాను. మాస్టారికి అబద్ధమాడే అలవాటు లేదు.

"దాన్నీ సెప్పే అంతారండి" అన్నారు.

"మరింకేం? మూడో పేజీలో చూడండి. 'కిందికి చూసి, సెప్పు' అని రాసుంది. కిందికెందుకు చూస్తాడు?"

"ముసలాయన చూపెప్పుడూ నేల మీదే ఉంటుందండీ" అన్నాను.

"నేల మీద ఏముంటయ్?"

మాస్టారే అందుకున్నారు. "పదకొండంటే అయిదు జతలూ ఒక ఒంటి సెప్పూ కదండీ. జత కుదర్లేదు కాబట్టి, అది కాలిది కాదని అర్థం సేసుకోవాలి."

ఆఫీసరుగారు నవ్వు దాచుకోవడానికి పెన్సిలు చెక్కడం మొదలుపెట్టారు. చెక్కడం అయ్యాక నవ్వూ అయిపోయింది. "బాగానే ఉంది. కానీ రేపు ఎవడో నా మీద పైకి రాస్తే అక్కడ నవ్వేవాళ్లుండరు. 'సెలవియ్యండి' అని పెట్టుకోండి. మర్యాదగా కూడా ఉంటది."

ఇన్నేళ్లకి ఒప్పుకుంటున్నాను, ఆయన అనుమానం పూర్తిగా తప్పు కాదు. మొదటి ఏడు 'సెప్పు'లూ రాసినప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే అర్థం. ఎనిమిదో దాని దగ్గర కలం కాస్త ఆగింది. రెండో అర్థం కూడా కనపడింది. కనపడ్డాక దాన్ని పొమ్మనలేదు. నా నాటికను అంత జాగ్రత్తగా చదివినవాళ్లు ఆ తర్వాత కూడా నాకు తారసపడలేదు.

హామీ పత్రం ఆయనే చెప్పి రాయించారు. 'సెప్పు అను మాటను వేదికపై ఏ పాత్రధారియూ పలకడని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాము.' దానితోపాటు ఇంకో షరతు, చీకటి పడేలోగా నాటిక ముగించాలి. రచయితగా నేనూ, పాత్రధారిగా మాస్టారూ సంతకాలు పెట్టాం. పెట్టే ముందు మాస్టారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు, పిల్లల జవాబు పత్రంలో తప్పు వెతుకుతున్నట్టు.

ఆ సాయంత్రం స్కూలు గదిలో రిహార్సల్. నాయకుడి వేషం ఒక బ్యాంకు గుమస్తాది. ఆయన ప్రసంగం దంచి ఆగగానే, మాస్టారు చేతులు కట్టుకుని "సెలవియ్యండి బాబూ" అన్నారు.

గుమస్తా పక్కున నవ్వారు. "ఏటండీ మాస్టారూ, హెడ్మాస్టరు దగ్గర లీవు అడుగుతున్నట్టుంది."

ఇంకోసారి అన్నారు. ఇంకా అన్యాయంగా ఉంది. రాయి మీద కూర్చున్న ముసలాయన కాస్తా కొలువులో నిలబడ్డ బంట్రోతు అయిపోయాడు. ఒక మాట తీసేస్తే ఏముందిలే అనుకునేవాణ్ణి. డెస్కులో రోజూ నా మాటలు పదులకొద్దీ కొట్టేసేవారు, అలవాటైపోయింది. కానీ ఇక్కడ మొత్తం నాటిక ఆ ఒక్క మాటకే వేలాడుతోంది. అది లేకపోతే మిగిలేది ఒక నాయకుడి ఉపన్యాసం. అవి ఆ రోజుల్లో ఊరికి కరువు కాదు.

"మానేద్దామండీ" అన్నాను. "మళ్లీ వానలు రాసుకుంటాను."

మాస్టారు చాక్‌పీసు పొడి దులుపుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నారు. కాసేపటికి, "ఆ కాయితంలో ఏటి రాసినాం?" అన్నారు.

"ఆ మాట వేదిక మీద పలకమని."

"కాదు. 'ఏ పాత్రధారియూ పలకడని'. పాత్రధారి ఎవులు? నాను. మీ బ్యాంకుబాబు. ఇద్దరమే." ఆయన ఆగి, మళ్లీ అన్నారు: "సర్చిలో పాస్టరుగారు ప్రార్థన ముగించి ఆగుతారండి. ఆగిన సోట జనం ఆమేన్ అంతారు. అనండర్రా అని ఆయన ఎవుల్నీ అడగరు. సరిగ్గా ఆగితే సాలు, అంతారు."

"అనకపోతే?"

"అనకపోతే నాను సరిగ్గా ఆగనేదన్నమాట."

అంతకంటే వివరంగా ఆయన చెప్పలేదు. ఆమేన్ జనానికి చిన్నప్పటి నుంచీ వచ్చు; ఈ మాట వాళ్లకి ఎవరు నేర్పారని నా భయం. జనం లేని గదిలో అది పరీక్షించి చూసుకునే వీలు కూడా లేదు. రిహార్సల్స్ అన్నీ ఆ పదకొండు ఖాళీలతోనే జరిగాయి. ప్రతి ఖాళీలోనూ మాస్టారు కొంచెం ముందుకి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టేవారు. అంతే.

సంత రోజు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే స్కూలు మైదానంలో నాటిక మొదలైంది. సంత ముగించుకున్నవాళ్లు బస్సు వేళ దాకా చూసిపోదామని ఆగారు. ఆఫీసరుగారు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నారు. నేను వేదిక పక్కన, గుంజ పట్టుకుని నిలబడ్డాను.

నాయకుడు మొదటి ప్రసంగం ముగించి ఆగాడు. మాస్టారు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టారు. మైదానంలో చడీచప్పుడు లేదు. ఎవరో దగ్గారు. నాయకుడు గతిలేక రెండో ప్రసంగంలోకి వెళ్లాడు. మళ్లీ ఆగాడు. మళ్లీ చెయ్యి. ఈసారి దగ్గు కూడా లేదు. వేదిక మీద డైలాగు మరిచిపోయారనుకుని వెనక ఎవరో గుసగుసలాడారు. నా నాటిక నా కళ్లముందే నీరుగారిపోతోంది.

మూడోసారి నాయకుడు, "ఈ గెడ్డ మీద వంతెన... వచ్చే ఏడాదికల్లా..." అని ఆగాడు. మాస్టారు ఇంకొంచెం వంగారు. అంత వంగడం రిహార్సల్‌లో లేదు.

మాకవరపాలెం నుంచి సంతకి వచ్చిన ఒక పెద్దావిడ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. ఇక ఆగలేకపోయింది.

"సెప్పు బాబూ! ఆగిపోనావేటి? నోట్లో బెల్లంగడ్డేటైనా ఎట్టుకున్నావేటి?"

మైదానం ఒక్కసారిగా నవ్వింది. బ్యాంకు గుమస్తా నిజంగానే కంగారుపడి, చెప్పాల్సిన దానికంటే రెండు వాక్యాలు ఎక్కువ చెప్పారు. నాలుగోసారి నాయకుడు ఆగాడో లేదో, గంప పక్క నుంచి ఇంకో గొంతు, "బేగి సెప్పు నాయినా, బస్సెల్లిపోతాది!" అయిదోసారికి ఒక పక్కంతా అంది. ఆరోసారికి రెండో పక్క వంతు తీసుకుంది. మాస్టారు ఇప్పుడు వేదికకి కాకుండా జనానికి చెవి పెడుతున్నారు. మూసిన పెదవుల మీద రెండో చెయ్యి పెట్టుకుని, తాను ఏమీ అనడం లేదని ఊరంతటికీ చూపిస్తున్నారు.

ఏడోసారి ఆఫీసరుగారు కుర్చీలో వెనక్కి తిరిగి చూశారు. వెలుగు ఇంకా బాగానే ఉంది, అన్నవాళ్ల మొహాలన్నీ కనపడుతున్నాయి. ఆయన చూస్తుండగానే జనం మళ్లీ అన్నారు. ఆయన జేబులోంచి ఒక కాగితం తీశారు. మా హామీ పత్రం. విప్పి, చదివి, వేదిక మీద పెదవులు మూసుకున్న మాస్టారి వైపు చూసి, మళ్లీ ఒకసారి చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఎనిమిదో 'సెప్పు'లో నేను మనసులో దాచుకున్న రెండో అర్థం జనానికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. తెలిసింది. ఆ మాట అక్కడ కాస్త కిందికి, నేల వైపు దిగి పలికింది. పదకొండోది మైదానం మొత్తం ఒకే గొంతుతో అంది. నాయకుడు పంచె పైకి కట్టి గెడ్డలో దిగాడు. అటు పొద్దు కూడా దిగింది. షరతులు రెండూ నెరవేరాయి.

ముగిశాక ఆఫీసరుగారిని రెండు మాటలు మాట్లాడమని వేదిక మీదికి పిలిచారు. మైకు ముందు నిలబడి ఆయన గొంతు సవరించుకున్నారు. సవరణ కాస్త ఎక్కువ సేపు సాగింది.

"సెప్పు బాబూ!" అంది గంప మీది పెద్దావిడ.

నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన నవ్వుతున్నారు. ఈసారి చేతిలో పెన్సిలు లేదు, దాచుకోవడానికి.

"చెప్తానమ్మా" అన్నారు. "కొట్టేసింది నేను. తిరగ రాసుకున్నది మీరు. ఇంకేముంది చెప్పేది?" అని దిగిపోయారు. దిగుతూ మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపారు. మాస్టారి ఉద్యోగానికి మచ్చ కాదు కదా, గీత కూడా పడలేదు.

మర్నాడు కవరులో వార్త పెట్టాను. రెండే వాక్యాలు. 'నర్సీపట్నంలో సాంఘిక నాటిక ప్రదర్శన జరిగింది. ప్రేక్షకుల సహకారంతో రక్తికట్టింది.' డెస్కు పెద్దాయన ఫోను చేశారు.

"సహకారమంటే ఏం చేశారండీ వాళ్లు?"

"చెప్పమన్నారండీ."

"ఏం చెప్పమన్నారు?"

"అంతేనండీ. చెప్పమన్నారు."

పెద్దాయన, "ఒక్క అక్షరం కూడా తియ్యను" అన్నారు. వానల వార్త పక్కనే వేశారు. ఆ ఏడాది నేను రాసిన వాటిలో కోత పడకుండా వచ్చిన మొదటి వార్త అది.

తర్వాత ఎన్నికలొచ్చాయి, ఎమర్జెన్సీ పోయింది. ఒక ఎన్నికల సభలో పత్రికలవాళ్ల బెంచీ మీద కూర్చుని రాసుకుంటున్నాను. అభ్యర్థి నీళ్లు తాగడానికి ఆగాడు. జనంలోంచి ఎవరో, నాకు బాగా తెలిసిన యాసలో, "సెప్పు!" అన్నారు. చుట్టుపక్కల నవ్వులు. అభ్యర్థి గ్లాసు పట్టుకునే చూపు కిందికి దించాడు. అప్పట్నుంచీ మా వైపు సభల్లో అదొక ఆనవాయితీ అయింది. ఏ పార్టీ అయినా సరే, మధ్యలో ఆగితే అడుగుతారు. దాన్ని 'ప్రజలు ప్రశ్నించారు' అని రాసేవాణ్ణి. ఆ నాటిక నేనే రాశానని తెలియనివాళ్లు ఆ మాట అంటుంటే, రచయితగా నాకు అంతకు మించిన సన్మానం ఏముంటుంది?

ఎనభైల్లో నాటికను మళ్లీ వేశాం. మాస్టారు అప్పటికి రిటైరయ్యారు. ఏ మాటా కొట్టేసేవాళ్లు లేరు. ఎర్ర గీతల పుస్తకం తెరిచి, పదకొండు సెప్పులూ తిరిగి పెట్టుకున్నాం. రిహార్సల్‌లో మాస్టారు ఒక్కోదాన్ని ఒక్కోలా పలుకుతుంటే ఒళ్లు పులకరించింది. ఆ గొంతులో ఆ మాట వినాలని అన్నేళ్లు ఎదురుచూశాను.

అదే మైదానం. నాయకుడు మొదటి ప్రసంగం ముగించి ఆగాడు. మాస్టారు ముందుకి వంగి, ఊపిరి తీసుకుని, నోరు తెరిచారు.

"సెప్పు!" అంది మైదానం.

ఆయన నా వైపు చూశారు. తెరిచిన నోరు నవ్వుగా మారింది. రెండోసారి ఇంకాస్త ముందే సిద్ధమయ్యారు. జనం ఆయనకంటే ముందున్నారు. మూడోసారికి ఆయనే ప్రయత్నం మానుకుని, పాత అలవాటు ప్రకారం చెవి దగ్గర చెయ్యి పెట్టారు.

"ఏటి సేస్తామండి," అన్నారు తర్వాత, వేషం తుడుచుకుంటూ, "నా డైలాగు ఊరు ఎత్తుకుపోనాది. ఇంక తిరిగి ఇవ్వరు."

ఆ వేషం మాస్టారు ఆ తర్వాత కూడా చాలాసార్లు వేశారు. ఆ మాట వేదిక మీద ఒక్కసారీ అనలేదు. జనం అననివ్వలేదు.